తుప్పు పట్టిన ఎంజీబీ, 12,000 పౌండ్ల అప్పు

ప్రశ్న: ఇంగ్లండు వచ్చి పదకొండేళ్లయింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని డిడ్‌కాట్‌లో ఉంటున్నాము. నా వయసు 41. నా జీతం చేతికి నెలకు 3,900 పౌండ్లు వస్తుంది, నా భార్య పార్ట్‌టైం ఉద్యోగం మీద 1,100 వస్తాయి. ఇద్దరు పిల్లలు. ఇంటి అప్పు వాయిదా 1,650, దాని స్థిర వడ్డీ గడువు ఇంకో 14 నెలల్లో ముగుస్తుంది. ఊళ్లో అమ్మానాన్నలకు పంపేదానితో కలిపి నెల ఖర్చు 4,600 దాకా అవుతుంది. పొదుపు ఖాతాలో 9,000 ఉన్నాయి. కిందటేడు 5,500 పౌండ్లకు 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. ఇంజను నడుస్తోంది కాని తలుపుల కింద బాడీని మోసే సిల్‌లు తుప్పు పట్టాయి. వెల్డింగ్, పెయింటు, కొత్త సీట్లు, ఓవర్‌డ్రైవ్ (వేగంగా పోయేటప్పుడు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చే) గేర్‌బాక్సు, మెరుగైన బ్రేకులు కలిపి, ఇంటి గరాజ్‌లో నేనే చేసుకుంటే 12,000 అవుతుందని అంచనా వేశాను. బ్యాంకు 8 శాతం వడ్డీకి అయిదేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. అది తీసుకోనా, లేక నాన్నగారి వైద్యం కోసమని వేసిన 12 లక్షల రూపాయల ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల) డిపాజిట్ రద్దు చేయనా? నాలుగేళ్ల తరువాత కారు లాభానికి అమ్మవచ్చని, ఆ లాభానికి పన్ను ఉండదని విన్నాను. నా భార్య ఒప్పుకోవడం లేదు.

జవాబు: కారు అమ్మేయమని నేను చెప్పను. అప్పు తీసుకోవద్దని, నాన్నగారి డిపాజిట్‌ను తాకవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఈ బండి పని మీ నెల జీతంలో మిగిలే డబ్బు వేగంతోనే సాగాలి. అలా సాగితే పని ఆలస్యమవుతుందే తప్ప చెడిపోదు. ఇంట్లో చేసుకునే బాగుచేతలో చాలా తప్పులు తొందరపడి విడిభాగాలు ముందే కొనేయడం వల్ల జరుగుతాయని నాకు పరిచయమున్న కుటుంబాల్లో చూశాను.

ముందు అప్పు లెక్క చూద్దాం. 12,000 పౌండ్లను 8 శాతానికి అయిదేళ్లకు తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 242 పౌండ్లు పడుతుంది. చివరికి మీరు కట్టేది దాదాపు 14,500, అంటే వడ్డీయే 2,500. అదే 242 పౌండ్లను నెలనెలా ఒక ప్రత్యేక ఖాతాలో వేసుకుంటూ పోతే నాలుగేళ్ల రెండు నెలలకు 12,000 సమకూరుతుంది. ఒంటి చేత్తో, శని ఆదివారాల్లో మాత్రమే పని చేసే మనిషికి ఇంత బాగుచేత నాలుగేళ్లకు ముందు పూర్తవుతుందని నేను అనుకోను. పని నాలుగేళ్లు పట్టేటప్పుడు మొత్తం డబ్బు మొదటిరోజే చేతిలో ఉండవలసిన అవసరమేమిటో ఒకసారి ఆలోచించండి. దానికి తోడు, 14 నెలల తరువాత మీరు ఇంటి అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవాలనుకుంటే, ఆ బ్యాంకు మీ ఆదాయంలో నుంచి ఈ పర్సనల్ లోన్ వాయిదాను తీసివేసి మిగిలినదాని మీదే లెక్క కడుతుంది. నెలకు 400 మిగిలే ఇంట్లో 242 చిన్న మొత్తం కాదు.

మీ 9,000 పౌండ్లు మూడు నెలల ఖర్చుకు కూడా చాలవు, ఎందుకంటే మూడు నెలలకు 13,800 కావాలి. కాబట్టి ఆ డబ్బు కారుది కాదు. ఇక ఎన్ఆర్ఈ డిపాజిట్ విషయం. ఏడాది నిండకముందే రద్దు చేస్తే దాని మీద అసలు వడ్డీయే రాదు. ఏడాది దాటినా రేటులో కోత ఉండవచ్చు. అంతకన్నా ముఖ్యం, అది తండ్రి వైద్యానికని పేరు పెట్టిన డబ్బు, ఆ అవసరం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ప్రసంగవశాత్తు ఇంకొక మాట: ఆ డిపాజిట్ వడ్డీకి భారతదేశంలో పన్ను లేకపోయినా, ఇన్నేళ్లుగా బ్రిటన్‌లో నివసిస్తున్న మీరు దానిని ఇక్కడి ఆదాయంలో చూపించవలసి ఉంటుంది. ఇప్పటివరకు చూపించకపోతే కారు సంగతి పక్కన పెట్టి ముందు అది సరిచేసుకోండి.

ఇప్పుడు లాభం మాట. ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు మీకు కూతవేటు దూరంలోని అబింగ్డన్ కర్మాగారంలోనే తయారైంది. మూసిన పైకప్పు గల జీటీతో కలిపి అయిదు లక్షలకు పైగా బయటికి వచ్చాయి. ఈ సంఖ్య మీకు మేలూ చేస్తుంది, అడ్డమూ పడుతుంది. అన్ని బండ్లు తయారయ్యాయి కనుకనే ఈ రోజుకీ బోల్టు నుంచి బాడీ షెల్ దాకా దాదాపు ప్రతి భాగమూ కొత్తగా దొరుకుతుంది, ఇంటి గరాజ్‌లో బాగుచేసుకోవడానికి దీనికన్నా వీలైన పాతకారు అరుదు. అన్ని బండ్లు మిగిలి ఉన్నాయి కనుకనే ధర ఒక హద్దు దాటి పెరగదు. మీ కొనుగోలు 5,500, ఖర్చు 12,000, వడ్డీ 2,500 కలిపితే 20,000 పౌండ్లు. మరొకరు చెమటోడ్చి బాగుచేసిన, మీ బండి లాంటి క్రోమ్ బంపర్ రోడ్‌స్టర్లు అంతకన్నా తక్కువకే అమ్మకానికి వస్తున్నాయి. మీ వందల గంటల శ్రమకు కొనేవాడు విడిగా ధర కట్టడు.

పన్ను గురించి మీరు విన్నది నిజమే. ప్రయాణికుల కారును వ్యక్తిగతంగా ఉంచుకుని అమ్మితే వచ్చే లాభం మీద బ్రిటన్‌లో మూలధన లాభాల పన్ను లేదు. అదే సూత్రం ప్రకారం నష్టం వస్తే దానిని మరే లాభంలో నుంచీ తీసివేసుకునే వీలు కూడా లేదు. పైగా, లాభానికి అమ్మాలన్న ఉద్దేశంతోనే కొని బాగుచేసి అమ్మడం అలవాటైతే దానిని వ్యాపారంగా చూసి ఆదాయపు పన్ను అడిగే అవకాశం ఉంటుంది. అందువల్ల ఈ కారును పెట్టుబడి పట్టికలో నుంచి తీసివేసి, కుటుంబ ఖర్చుల పట్టికలో, సెలవుల ప్రయాణం పక్కన రాసుకోండి. అక్కడ దానికి గౌరవమైన చోటే ఉంది.

ఇక నెలకు 250 పౌండ్లు ఏ వరుసలో ఖర్చు పెట్టాలన్నది అసలు విషయం. మీ జాబితాలో పెయింటు, సీట్లు, ఓవర్‌డ్రైవ్ అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ఆ బలమంతా తలుపుల కింద ఉండే సిల్‌లలో ఉంటుంది. పైకి కనిపించే బయటి సిల్ ఒక్కటే అనుకుంటే పొరపాటు, దాని వెనుక లోపలి సిల్, నడుమ ఒక నిలువు రేకు, కింద క్యాజిల్ రైల్ అని పిలిచే భాగం కలిసి ఒక పెట్టెలాగా పని చేస్తాయి. అమ్మకానికి ముందు బయటి రేకు మాత్రం మార్చి, రంగు కొట్టి, లోపలి తుప్పును అలాగే వదిలేసిన బండ్లు ఎన్నో ఉంటాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాట వీటికి సరిగ్గా సరిపోతుంది. కాబట్టి మొదటి ఏడాది మీ డబ్బంతా ఇక్కడికే వెళ్లాలి, ఇది తేలేదాకా మరే విడిభాగమూ కొనవద్దు.

వెల్డింగ్ మీకు ఇంతకుముందు రాకపోతే, దగ్గరి కాలేజీలో సాయంకాలపు తరగతులు ఉన్నాయేమో చూసి చేరండి. ఈ మొత్తం పనిలో మీకు డబ్బు మిగిల్చే నైపుణ్యం అదొక్కటే. సిల్ కోసేముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించాలి, ఒక వైపు పూర్తిగా ముగిశాకే రెండో వైపు కోయాలి. లేకపోతే బాడీ నడుము దగ్గర కుంగిపోయి తలుపులు మళ్లీ మూసుకోవు, అప్పుడు దానిని నిపుణుల చేత సరిచేయించడానికి అయ్యే ఖర్చు మీ మొత్తం అంచనాను తలకిందులు చేస్తుంది. పెట్రోలు ట్యాంకు విప్పి గరాజ్ బయట పెట్టి, సీట్ల వెనుక ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలనూ తీసివేసి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపిన తరువాతే నిప్పు పని మొదలుపెట్టండి. ఇంటి గరాజ్‌లో వెల్డింగ్ చేస్తున్నట్టు ఇంటి బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా చేసి, ఏదైనా జరిగితే పరిహారం ఇవ్వకపోవచ్చు.

రెండో విడత డబ్బు బ్రేకులకు, సస్పెన్షన్‌కు, టైర్లకు. మీరు రాసిన మెరుగైన బ్రేకుల సంగతి ఆపి, ముందు కంపెనీ ఇచ్చిన బ్రేకులనే కొత్త సిలిండర్లు, గొట్టాలు, ప్యాడ్‌లతో సరిగా పనిచేయించండి. ఈ బరువుకు, ఈ వేగానికి అవి చాలు. ఇంధన గొట్టాలను కూడా అప్పుడే మార్చండి. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఇ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది, ఆ ఇథనాల్ పాత రబ్బరును పాడు చేస్తుంది. ఈ బండికి కాస్త ధర ఎక్కువైనా ఇథనాల్ తక్కువగా ఉండే ఇ5 సూపర్ పెట్రోలే వాడాలి.

ఇంజను నడుస్తున్నదన్నారు కనుక దానిని విప్పవద్దు. 1798 సీసీ బి-సిరీస్ ఇంజను మొండిది, జంట ఎస్‌యూ కార్బురేటర్లను శుభ్రపరిచి, టైమింగ్ సరిచేసి, నూనె మార్చితే ఇంకా చాలా కాలం నడవవచ్చు. మెరుగుదలల్లో నేను ఒప్పుకునేది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. ఓవర్‌డ్రైవ్ కూడా మంచిదే, హైవే మీద ఇంజను అరుపు తగ్గుతుంది. కాని అది నాలుగో ఏడు మాట, వాడిన గేర్‌బాక్సు మంచిది కనిపించినప్పుడు చూద్దాం. పెయింటు అన్నిటికన్నా చివర.

ఎవరైనా పెద్ద వీ8 ఇంజను పెట్టుకోమని చెబితే వినవద్దు. కంపెనీయే జీటీలో 1973 నుంచి 1976 వరకు 3,528 సీసీ రోవర్ వీ8 పెట్టి అమ్మింది, అది వేరే సంగతి. నాలుగు సిలిండర్ల రోడ్‌స్టర్‌లో మీరు ఇప్పుడు ఎనిమిది పెడితే దానిని గణనీయమైన మార్పుగా చూసే అవకాశం ఎక్కువ, అప్పుడు నలభై ఏళ్లు దాటిన బండ్లకు ఎంఓటీ (ఏటా చేయించవలసిన వాహన తనిఖీ) నుంచి ఉన్న మినహాయింపు పోతుంది, బీమా ప్రీమియం కూడా మారుతుంది.

కాగితాల వైపు కొన్ని చిన్న ఆదాలు ఉన్నాయి. 1972 బండి హిస్టారిక్ (చారిత్రక వాహనాల) తరగతిలోకి వస్తుంది, రోడ్డు పన్ను సున్నా, లండన్‌లో ఎక్కువ పొగ వదిలే బండ్లకు వేసే యూలెజ్ రుసుమూ ఉండదు. కాని ఈ తరగతికి మీరు దరఖాస్తు చేసుకోవాలి, కొన్నప్పటి రిజిస్ట్రేషన్ పత్రంలో అలా ఉందో లేదో చూడండి. పని సాగినంతకాలం బండి రోడ్డెక్కదని తెలిపే సోర్న్ ప్రకటించి బండిని సొంత స్థలంలోనే ఉంచండి, దొంగతనం, అగ్నిప్రమాదం వరకు వర్తించే బీమా మాత్రం వదలకండి. రోడ్డెక్కే రోజు వచ్చినప్పుడు, మినహాయింపు ఉన్నా సరే, ఎంఓటీ చేయించండి. దాని గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు, మీ సొంత వెల్డింగ్‌ను వేరొకరి కళ్లు పరీక్షించడానికి అది చాలా చవక. ఆ తరువాత ఒప్పుకున్న విలువ పద్ధతిలో, అంటే బండి విలువను ముందే ఖాయం చేసుకుని, క్లాసిక్ కార్ బీమా తీసుకోండి. అందుకోసం ఇప్పటి నుంచే ప్రతి దశలో ఫోటోలు, రసీదులు దాచండి. వంద పౌండ్లు దాటిన విడిభాగాలను క్రెడిట్ కార్డు మీద కొని నెలాఖరుకు పూర్తిగా కట్టేయండి, వస్తువు సరిగా లేకపోతే కార్డు సంస్థను కూడా నిలదీసే హక్కు 1974 నాటి చట్టం ఇస్తుంది.

మీ శ్రీమతి గారి అభ్యంతరం కారు మీద కాదేమోనని నాకు అనిపిస్తోంది. అంతు తెలియని ఖర్చు ఎవరినైనా భయపెడుతుంది. ఇద్దరూ కూర్చుని రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి. ఒకటి నెలకు వేసే మొత్తం, 250 అనుకుందాం. రెండోది ఎంత ఖర్చయ్యాక పని ఆపి, ఉన్నది ఉన్నట్టు అమ్మేయాలన్న హద్దు. దానిని ఆవిడ చేతనే నిర్ణయింపజేయండి. ఇంటి అప్పు కొత్త వాయిదా ఎంతో తేలేదాకా, అంటే ఈ 14 నెలలూ, 250లో 100 పొదుపు ఖాతాకే పంపి మిగిలిన 150తోనే బండి పని చేయండి. ఆ మొత్తానికి వెల్డింగ్ తరగతులు, యంత్రం, ఒక వైపు సిల్ భాగాలు వస్తాయి, చలికాలం గరాజ్‌లో అంతకుమించిన పని మీ చేత కాదు కూడా.

ఈ వారాంతంలో ఒక స్క్రూడ్రైవరు తీసుకుని బయటి సిల్‌నూ, నేల రేకుల అంచులనూ, వెనుక స్ప్రింగులు బిగించే చోట్లనూ గట్టిగా పొడిచి చూడండి. ఎక్కడెక్కడ దిగిందో సుద్దతో గుర్తు పెట్టి ఫోటోలు తీయండి. స్ప్రింగుల చోట కూడా దిగితే మీ 12,000 అంచనా చెల్లదు, అప్పుడు ఏమీ కొనకుండా మళ్లీ నాకు రాయండి.