చిన్న అక్వేరియంలో మొక్కలు పెంచడం గురించి

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

రెండడుగుల అక్వేరియం కొన్నావనీ, అందులో ప్లాస్టిక్ మొక్కలు కాకుండా నిజమైన మొక్కలే పెంచాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషించాను. దుకాణంలో కంటికి నచ్చినదాన్ని కాక, మన హన్మకొండ బోరు నీళ్లనూ మే నెల ఎండనూ తట్టుకునేదాన్నే ఎంచుకో. ఎర్ర ఆకుల మొక్కలు చాలావరకు ఎక్కువ వెలుతురునూ, విడిగా అందించే కార్బన్ డయాక్సైడునూ కోరుకుంటాయి కనుక ఇప్పుడే వాటి జోలికి పోవద్దు.

నీకు సరిపోయేవి అనూబియాస్, వాలిస్నేరియా. అనూబియాస్ ఆఫ్రికా వాగుల ఒడ్డున రాళ్లనూ మొద్దులనూ పట్టుకొని పెరిగే మొక్క. దాని కాండం అల్లం కొమ్ములా అడ్డంగా సాగుతుంది. కొనేముందు ఆ కొమ్మును వేళ్లతో నొక్కి చూడు: గట్టిగా, పచ్చగా ఉంటే మంచిది, మెత్తబడి వాసన వస్తే వద్దు. దాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్లిపోతుంది కాబట్టి నూలు దారంతో ఒక రాయికి కట్టు. కొన్నాళ్లకు వేర్లే రాయిని పట్టుకుంటాయి. వాలిస్నేరియాకు మాత్రం వేర్లు ఇసుకలో ఉండాలి, ఆకులు మొదలయ్యే తెల్లని మొదలు పైకి కనిపించాలి. సున్నం ఎక్కువగా ఉన్న నీటిలోనూ అది చక్కగా పెరిగి పక్కకు పిలకలు వేస్తుంది. నాటిన కొత్తలో పాత ఆకులు కరిగిపోయినా కంగారుపడి పీకేయకు. వేరు బాగుంటే కొత్త ఆకులు వస్తాయి.

తెచ్చిన మొక్కలను ఒకటి రెండు వారాలు వేరే బకెట్‌లో ఉంచి, ఆకుల అడుగున జిగురుగా అంటుకున్న నత్త గుడ్లను తుడిచెయ్యి. దీపం రోజుకు 6 నుంచి 7 గంటలు చాలు. అంతకు మించితే పాచి పెరుగుతుంది. వారానికోసారి పావు వంతు నీరు మార్చు. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు ముందే పట్టి ఉంచు.

అన్నిటికన్నా నాకు బెంగ ఎండాకాలం గురించే. నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. ఆ రోజుల్లో రాత్రంతా గాలి పంపు నడవనివ్వు, మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెట్టు, ఆవిరైన మేరకు నీరు పోస్తూ ఉండు. ఐసు ముక్కలు మాత్రం వేయకు, ఆ హఠాత్తు మార్పును చేపలు తట్టుకోలేవు.

భద్రకాళి చెరువు నుంచో వడ్డేపల్లి చెరువు నుంచో నాచు తెచ్చి వేయవద్దు. దానితో జలగలూ, చేపపిల్లలను తినే తూనీగ పురుగులూ రావచ్చు. అలాగే నీవు కత్తిరించిన మొక్కలను చెరువులోనో మోరీలోనో పారేయకు. గుర్రపుడెక్క మన చెరువులను ఎలా కమ్మేస్తుందో చూస్తూనే ఉన్నావు కదా. నీవు కత్తిరించినవాటిని ఎండబెట్టి పూలకుండీల్లో వేసెయ్యి.

ఇట్లు,
మీ మేనమామ