స్టీరింగ్ వణికితే ముందు ప్లే (లూజు) ఎక్కడుందో వెతుకు

అల్లుడూ,

నిన్న రాత్రి బాగేపల్లి దగ్గర నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ గొంతు విని నాకే చేతులు చల్లబడ్డాయి. 80లో వెళ్తుంటే వంతెన జాయింట్ మీద చిన్న కుదుపు, అంతే, స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా అటూ ఇటూ కొట్టుకుందన్నావు. 40కి తగ్గేదాకా ఆగలేదన్నావు. మళ్లీ ఎప్పుడైనా అలా జరిగితే సడన్ బ్రేక్ వేయకు, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకు. గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, వేగం దానంతట అదే తగ్గనిచ్చి పక్కకు ఆపు. బండి సరయ్యేదాకా హైవే ఎక్కనని నాకు మాటివ్వు. అక్కను చూడాలంటే అనంతపురానికి రైల్లో వెళ్లు.

నీ మారుతి జిమ్నీకి లిఫ్ట్ వేసి ఎత్తు పెంచిన గ్యారేజీ వాళ్లు స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును మింగే షాక్ అబ్జార్బర్ లాంటిది) మారిస్తే చాలన్నారట. వద్దు. డ్యాంపర్ వణుకును అణుస్తుంది, పుట్టించదు. చాలా ఏళ్ల కింద నేనూ ఆ తప్పు చేశాను. ఒకాయన జీపుకు కొత్త డ్యాంపర్ వేసి పంపాను, వణుకు మాయమైంది. మూడు వారాలకు బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. విప్పి చూస్తే కింగ్‌పిన్ బేరింగ్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గరి బేరింగ్) ముక్కలు ముక్కలు. ఆ రోజు బండిలో పిల్లలున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, ఆ రోజు నుంచి ప్లే దొరికేదాకా డ్యాంపర్ ముట్టుకోను.

ముందు నీకొచ్చింది ఏ రకం వణుకో తేల్చుకోవాలి. ఒకే వేగం దగ్గర, బాగున్న రోడ్డు మీద కూడా సన్నగా వణికితే అది టైరుదో బ్యాలెన్సింగ్‌దో. గుంత తగలగానే మొదలై, నెమ్మదించేదాకా వదలకపోతే ఎక్కడో లూజు ఉంది. ముందు ఇరుసు ఒకే ముక్కగా ఉండే బండ్లలో ఒక చక్రం ఊగితే రెండోదాన్నీ లాగుతుంది, అందుకే అంత భయంకరంగా ఉంటుంది. నువ్వు చెప్పింది ఈ రెండో రకమే.

ఇంటి దగ్గరే చేయగల పరీక్ష ఒకటుంది. బండి నేల మీదే ఉండాలి. జాకీ వద్దు, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఇంకొకరు కింద చూస్తూ టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్‌లు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీ), పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకు జరగకుండా చాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ) రెండు చివర్ల మీదా ఒక్కొక్కటిగా చెయ్యి పెట్టి చూడాలి. కంటికి కనిపించని లూజు వేలికి టక్కుమని తెలుస్తుంది. పాన్‌హార్డ్ బోల్టు దగ్గర మరీ జాగ్రత్తగా చూడు. బోల్టు కాస్త వదులైనా ఆ రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. ఇంకో మాట, బుష్‌లు (రబ్బరు తొడుగులు) ఉన్న బోల్టులను బండి గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. బండిని నేల మీద దాని బరువులో నిలబెట్టి బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. లిఫ్ట్ వేసిన రోజు అలా బిగించారో లేదో అడుగు.

తర్వాత ముందు ఇరుసు కింద జాకీ పెట్టి, స్టాండు మీద కూర్చోబెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఊగితే ఒకరిని బ్రేక్ తొక్కమను. ఊగడం ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్ బేరింగ్. ఈ చిన్న తేడా తెలియక బెంగళూరు జేసీ రోడ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో డబ్బు వృథా చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇక లిఫ్ట్ సంగతి. రెండంగుళాలు ఎత్తగానే ముందు ఇరుసు కాస్త తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడు, అదే క్యాస్టర్. అది ఉంటేనే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిరిగొస్తుంది. తగ్గితే బండి లేన్‌లో నిలవదు, వణుకుకూ దారి దొరుకుతుంది. అలైన్‌మెంట్ వాళ్లు టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఒక్కటే సరిచేసి పంపేస్తారు, ఎందుకంటే ఈ ఇరుసుకు బోల్టు తిప్పి క్యాస్టర్ సరిచేసే వీలుండదు. అందుకే క్యాస్టర్ అంకె ఉన్న కాగితం అడిగి తెచ్చుకో. తక్కువుంటే కరెక్షన్ బుష్‌లు వేయాలి.

లిఫ్ట్ తర్వాత పాన్‌హార్డ్ రాడ్ ఇరుసును పక్కకు కూడా జరుపుతుంది. స్టీరింగ్ వీల్ నిటారుగా లేకపోవడానికి ఒక కారణం అదే. దాన్ని విప్పి నిటారుగా పెట్టేవాళ్లుంటారు, ఒప్పుకోకు. స్టీరింగ్ బాక్సు నడిమధ్యలోనే బిగుతుగా ఉంటుంది, అలా పెడితే ఆ మధ్య తప్పుతుంది, పైగా బండి జారకుండా చూసే ఈఎస్‌పీ సెన్సార్‌కు చక్రాలు తిరిగి ఉన్నట్టు కనిపిస్తుంది. డ్రాగ్ లింక్ దగ్గరే సరిచేయాలి.

195/80 టైర్లు తీసేసి 235/75 వేశావు, అంటే చక్రం ఎత్తు దాదాపు 4 సెంటీమీటర్లు పెరిగింది. బరువూ పెరిగింది. పాత టైర్లు అమ్మేయకపోతే ఒక వారం అవే వేసి నడిపి చూడు. వణుకు ఆగినా ప్లే లేదనుకోవద్దు. ఇంకోటి, 2019 జనవరి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చడం చట్టరీత్యా ఇబ్బందే. ఆర్‌టీవో ఆపినా, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగినా జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే. పాత స్ప్రింగులు పారేయకు.

ఆదివారం ఉదయం ఏడింటికి సర్వీస్ రోడ్డు మీదుగా నెమ్మదిగా బండి తీసుకురా. వాళ్లు తీసేసిన పాత బోల్టులూ, అలైన్‌మెంట్ కాగితమూ తీసుకురా. నువ్వు స్టీరింగ్ తిప్పుదువు, నేను కింద పడుకుని చెయ్యి పెట్టి చూస్తాను.

నీ మామయ్య