సరిహద్దు గొడవలో సొంత ప్రభుత్వాన్ని ఎంపీ తప్పుబడితే దేశం పరువు పోతుందా?

అడిగిన ప్రశ్న ఇది: పక్క దేశంతో సరిహద్దు వివాదం నడుస్తున్నప్పుడు, అధికార పార్టీ సభ్యుడే తన ప్రభుత్వ దౌత్యాన్ని సభలో విమర్శించవచ్చా?

నిక్షేపంగా విమర్శించవచ్చు. అలాంటివాళ్ళు తగ్గిపోయారనే నా బాధ. 1961లో చైనా ఆక్రమించుకున్న అక్సాయ్‌చిన్ గురించి నిలదీస్తే, అక్కడ గడ్డిపరక కూడా మొలవదన్నాడు నెహ్రూ. కాంగ్రెస్ సభ్యుడే అయిన మహావీర్ త్యాగి తన బట్టతల చూపించి, ఇక్కడా ఏమీ మొలవదు, దీన్నీ ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నాడు. అందరూ ఈ ముచ్చట చెప్పుకుని నవ్వి ఊరుకుంటారు. ఆ తర్వాత 1966లో, కేంద్రమంత్రిగా ఉండి, 1965 యుద్ధం తర్వాత పాకిస్తాన్‌తో చేసుకున్న తాష్కెంట్ ఒప్పందంలో, మన సైన్యం గెలిచిన హాజీ పీర్ కనుమ వదిలేయడం నచ్చక ఆయన పదవికి రాజీనామా చేశాడు. అది ఎవరికీ గుర్తుండదు. ఆయన రాజీనామాతో దేశం పరువేమీ పోలేదు.

కానీ ఆయనైనా అడిగింది నేల గురించే. సముద్రంలో సరిహద్దు గీత తేలక జైలుకు పోయిన మనుషుల గురించి అంత గట్టిగా ఎవరు అడిగారు? నేను ఈ ప్రశ్నకి జవాబు రాయడానికి కూర్చున్నది అందుకే.

నాది శ్రీకాకుళంలో చిన్న జిరాక్స్ షాపు. మా పిన్ని వాళ్ళది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. ఆవిడ కొడుకు 2018లో వానలు తగ్గగానే వాడ కుర్రాళ్ళతో కలిసి ఆమదాలవలసలో రైలెక్కి, గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళాడు. బోటు యజమాని దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్నాడు. అది చెల్లెలి పెళ్ళి అప్పుకి పోయింది. మన జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అంత సముద్రం ఇంటి ముందు పెట్టుకుని, చేపలు పట్టడానికి రెండు రోజులు రైల్లో కూర్చుని ఇంకో సముద్రానికి వెళ్ళాలి. ఒడ్డున పెద్ద బోట్లు నిలబడడానికి జెట్టీ ఉంటే వీళ్ళెందుకు వెళ్తారు? సర్లెండి, అది మొదలెడితే ఈ జవాబు తెల్లారినా అవదు.

నవంబర్ ఆఖర్లో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నవాళ్ళలో మావాడూ ఉన్నాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళే ఎక్కువమంది.

వారం తిరక్కుండా ఒక నాయకుడు ఊరికి వచ్చాడు. పేరెందుకు గానీ, అధికారంలో ఉన్న మనిషే. రామమందిరం ముందు షామియానా వేశారు. ఇది రెండు దేశాల మధ్య సున్నితమైన విషయం, మీరు గోల చేస్తే పని చెడిపోతుంది, టీవీ వాళ్ళతో మాట్లాడకండి అని చెప్పాడు. మా పిన్ని లేచి, "మాటాడకపోతే ఎన్నాళ్ళకి ఒస్తారు బాబూ? నెల సెప్పండి, నాను నోరు మూసుకుంటాను" అంది. ఆయన వాచీ చూసుకున్నాడు.

తర్వాత నాలుగిళ్ళ ఆడవాళ్ళు ప్లాస్టిక్ కవర్లతో నా షాపుకొచ్చారు. అందులో ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పాస్‌పోర్ట్ సైజు ఫొటో. వాళ్ళు మనవాళ్ళేనని మన ప్రభుత్వం నిర్ధారించి పంపితేగాని అవతల కదలదట. మావాడి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా ఉంది, రేషన్ కార్డులో ఇంకోలా. ఒక అక్షరం తేడా, అంతే. ఒక ఆఫీసులో మూడు సెట్లు అడిగారు, ఇంకో ఆఫీసులో గెజిటెడ్ సంతకం లేదని వెనక్కి పంపారు. పిన్ని నా దగ్గరికి అయిదుసార్లు వచ్చింది. ప్రతిసారీ డబ్బులివ్వబోయేది, నేను తీసుకోకపోతే కోప్పడేది.

కొన్ని నెలలకి కరాచీ జైలు నుంచి ఉత్తరం వచ్చింది. చదువుకున్న కుర్రాడెవడో రాసిపెట్టాడు, గుండ్రటి అక్షరాలు. బాగున్నాను అని ఒక ముక్క, మిగతాదంతా అప్పు గురించే. వడ్డీ ఎంత అయింది, బోటు ఆయన ఫోన్ చేశాడా, నా వాటా ఏమైనా పంపాడా. పిన్ని ఆ ఉత్తరాన్ని జిరాక్స్ తీయించుకుని, అసలుది బియ్యం డబ్బాలో దాచింది.

వాళ్ళు చిక్కుకున్న వైపు, గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య, సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల సముద్రపు పాయ ఉంది. గీత తూర్పు ఒడ్డున అని పాకిస్తాన్, పాయ మధ్యలో అని మనం. పక్కనే ఉన్న కచ్ రణ్ అనే ఉప్పునేల సరిహద్దు సంగతి 1968లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది గానీ ఈ పాయ జోలికి పోలేదు. ఇక్కడ గీత తేలకపోతే బయట సముద్రంలోనూ తేలదు. ట్రిబ్యునల్ పాకిస్తాన్‌కి కొంత రణ్ ఇచ్చిందని అప్పట్లో సభల్లో పెద్ద గొడవే అయింది. పాయ గురించి అందులో పదో వంతు పట్టుదల చూపించి ఉంటే మావాడు పదమూడు నెలలు జైల్లో ఉండేవాడు కాదని నేను పందెం కాస్తాను.

2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. శిక్ష పూర్తయి, ఏ దేశం వాళ్ళో నిర్ధారణ అయిన నెలలోపు వదిలేయాలని కూడా అందులో ఉంది. మరి ఆ నిర్ధారణకి మనవైపు ఎన్ని రోజులు పట్టింది, ఫైలు ఏ టేబుల్ మీద ఉంది అని అధికార పార్టీ సభ్యుడు లేచి తన మంత్రిని అడిగితే, అది దేశద్రోహం ఎలా అవుతుంది? టీవీల్లో అరిచేవాళ్ళు నాకు ఇంతవరకూ చెప్పలేదు. ప్రతిపక్షం అడిగితే రాజకీయం అంటారు కాబట్టి, సొంతవాడు అడిగితేనే పని అవుతుంది.

2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మంది దాటారు. సంక్రాంతి ముందు మావాడు ఇంటికొచ్చాడు. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం తిని పడుకునేవాడు. గీత దాటారా అని నేను అడిగితే, "నీళ్ళల్లో గీత ఏటన్నా, తండేలు ఎటంటే అటే" అన్నాడు. తండేలంటే బోటు నడిపించే పెద్ద.

ఆధార్‌లో ఇంటిపేరు మాత్రం ఇప్పటికీ తప్పుగానే ఉంది. మొన్న ఆ పని మీదే మళ్ళీ షాపుకొచ్చాడు, అదే ప్లాస్టిక్ కవరుతో.