ఓడ మునిగిపోయాక కెప్టెన్ మాట వినాలా?

ప్రశ్న: మా తమ్ముడు ఈమధ్యే నేవీలో చేరాడు. వాళ్లకు విడిగా ఒక చట్టం ఉందని, తప్పు చేస్తే కోర్ట్ మార్షల్ అని చెబుతుంటే ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అందరికీ ఉన్న చట్టాలు వాళ్లకు చాలవా సర్? అసలు ఈ వేరే చట్టం ఎక్కడ పుట్టింది?

జవాబు: ముందు ఆ టెన్షన్ కాస్త తగ్గించుకోండి. కోర్ట్ మార్షల్ అంటే సైనిక అధికారులే కూర్చుని జరిపే విచారణ, ఆ మాట వింటే భయం వేస్తుంది, నిజమే, కానీ ఆ చట్టం కాగితం మీదికి రావడం వల్ల ఎక్కువ మేలు జరిగింది మామూలు నావికుడికే. అది లేని రోజుల్లో కెప్టెన్ నోట ఏ మాట వస్తే అదే శిక్ష.

నడిసముద్రంలో పోలీసులు ఉండరు, జడ్జి ఉండడు, నెలల తరబడి ఒడ్డే కనిపించదు, వందల మంది ఇరుకు చోట ఒకరి మీద ఒకరు పడి బతకాలి. అందుకే ఓడలకు వేరే కట్టుబాట్లు చాలా పాతకాలం నుంచీ ఉన్నాయి. 1190లో ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం చేసిన మతయుద్ధానికి, ఓడలు పంపిస్తూ ఒక ఆజ్ఞ రాయించాడు. ఓడలో ఎవడైనా తోటివాణ్ని చంపితే ఆ శవంతో కలిపి కట్టి సముద్రంలో పడేయాలి. కత్తి దూసి రక్తం చిందిస్తే చెయ్యి నరకాలి. రక్తం రాకుండా ఉత్త చేత్తో కొడితే మూడుసార్లు నీళ్లలో ముంచాలి. దొంగకైతే గుండు గీసి, నెత్తిన మరిగే తారు పోసి, ఈకలు చల్లి, మొదట కనిపించిన నేల మీద దింపేసి పోవాలి. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, అయినా అందులో ఒక లెక్క ఉంది చూడండి, ఏ తప్పుకు ఏ శిక్షో ముందే చెప్పేశారు.

ఇప్పటి చట్టాలకు అసలైన పునాది మాత్రం 1652లో పడింది. ఆ ఏడాది చివర్లో డంజెనెస్ దగ్గర డచ్చివాళ్ల చేతిలో ఇంగ్లిష్ నౌకాదళం ఓడిపోయింది. కొన్ని ఓడల కెప్టెన్లు యుద్ధంలోకి దిగకుండా దూరంగా ఉండిపోయారని దళాన్ని నడిపిన రాబర్ట్ బ్లేక్ గట్టిగా ఫిర్యాదు చేశాడు. ఆ వెంటనే, అదే డిసెంబరులో, పార్లమెంటు నౌకాదళానికి యుద్ధ నియమావళి తెచ్చింది. రాచరికం తిరిగొచ్చాక 1661లో దాన్నే మార్చి పూర్తి స్థాయి చట్టం చేశారు. అంటే మొదట దారిలో పెట్టాలనుకున్నది తాగి గొడవ చేసే నావికుణ్ని కాదు, వెనకడుగు వేసిన కెప్టెన్‌ని. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

ప్రశ్న: ఓడ మునిగి, ప్రాణాలతో బయటపడ్డవాళ్లు ఏదో దీవికి చేరారనుకోండి. అక్కడ కూడా కెప్టెన్ మాట వినాల్సిందేనా? సరదాగా అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని.

జవాబు: సరిగ్గా ఈ ప్రశ్నే 1741లో బ్రిటిష్ నౌకాదళానికి ఎదురైంది, దానికి అప్పటి చట్టం దగ్గర సరైన జవాబు లేదు. వేజర్ అనే యుద్ధనౌక చిలీ తీరంలో రాళ్లకు కొట్టుకుని పోయింది. బతికినవాళ్లు చలిలో, ఆకలితో ఒక దీవి మీద పడ్డారు. ఓడ పోయిన రోజు నుంచే జీతం ఆగిపోవడం అప్పటి పద్ధతి. మరి జీతం ఇవ్వని రాజుగారి కెప్టెన్‌కి మేమెందుకు లొంగాలి అన్నారు వాళ్లు, ఆ వాదన కొట్టిపారేయదగింది కాదు. కెప్టెన్ డేవిడ్ చీప్ తన మాట చెల్లించుకోవాలనే పట్టుదలతో ఒక కుర్ర మిడ్‌షిప్‌మన్‌ని (అధికారి కావడానికి శిక్షణలో ఉన్నవాణ్ని) పిస్తోలుతో కాల్చాడు, ఆ కుర్రాడు తర్వాత చనిపోయాడు, దాంతో ఉన్న కాస్త గౌరవం కూడా పోయింది. ఎక్కువమంది కెప్టెన్‌ని అక్కడే వదిలేసి, పడవను పొడిగించి కట్టుకుని, మెజెలాన్ జలసంధి మీదుగా వెళ్లిపోయారు.

ఏళ్ల తర్వాత ఇరువర్గాలూ ఇంగ్లండ్ చేరాయి. 1746లో విచారణ జరిగింది కానీ ఓడ ఎలా పోయిందన్న దగ్గరే ఆపేశారు. కెప్టెన్ కాల్పుల జోలికీ పోలేదు, తిరుగుబాటు జోలికీ పోలేదు. ఆ తర్వాత 1748లో చట్టాన్ని సవరించారు: ఓడ మునిగినా, శత్రువుకు చిక్కినా నౌకాదళ క్రమశిక్షణ కొనసాగుతుంది, దానితోపాటు కొన్ని షరతుల మీద జీతం కూడా కొనసాగుతుంది. ఈ రెండో సగం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. జీతం ఆపేసి విధేయత మాత్రం అడగడం కుదరదని పార్లమెంటే ఒప్పుకున్నట్టయింది. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు, 1748 నుంచి వినాల్సిందే.

ప్రశ్న: శిక్షలన్నీ కింది స్థాయి నావికులకేనా? పెద్ద అధికారులకు ఎప్పుడైనా పడ్డాయా?

జవాబు: పడ్డాయి, ఒకసారైతే ఘోరంగా పడింది. 1744లో తూలోన్ దగ్గర జరిగిన యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ మాథ్యూస్ యుద్ధ వరుస (ఓడలన్నీ ఒకదాని వెనక ఒకటిగా నిలిచే బారు) వదిలి శత్రువు మీదికి దూకాడు, ఆయన కింద ఉన్న లెస్టాక్ వరుస తప్పకూడదని చెప్పి వెనకే ఉండిపోయాడు. విచారణలో పోరాడిన మాథ్యూస్ ఉద్యోగం పోయింది, కదలని లెస్టాక్ నిర్దోషిగా బయటపడ్డాడు. జనం మండిపడ్డారు. 1749లో కొత్త చట్టం రాసినప్పుడు, యుద్ధంలో శక్తివంచన లేకుండా పోరాడని అధికారికి మరణశిక్ష తప్ప వేరే శిక్ష వేసే వీలే కోర్టుకు లేకుండా చేశారు.

ఆ చట్టానికి బలైనవాడు అడ్మిరల్ జాన్ బింగ్. 1756లో ఫ్రెంచివాళ్ల ముట్టడిలో ఉన్న మధ్యధరా సముద్రపు దీవి మినోర్కాను కాపాడమని, సరిగా మరమ్మతులు కూడా లేని ఓడలిచ్చి పంపారు. యుద్ధం మధ్యలో, మాథ్యూస్‌కి జరిగింది గుర్తుచేసుకుని, వరుస చెదరకుండా నెమ్మదిగా వెళ్లాడు. తర్వాత జిబ్రాల్టర్‌కి వెనుదిరిగాడు, మినోర్కా పోయింది. కోర్టు ఆయన పిరికివాడు కాదంది, ద్రోహి కాదంది, చేయగలిగినదంతా చేయలేదని మాత్రం తేల్చింది. చట్టంలో వేరే దారి లేదు కనుక మరణశిక్ష రాసి, క్షమించమని ఆ న్యాయమూర్తులే ఏకగ్రీవంగా వేడుకున్నారు. రెండో జార్జ్ రాజు ఒప్పుకోలేదు. 1757 మార్చి 14న పోర్ట్స్‌మత్‌లో మొనార్క్ ఓడ డెక్ మీద ఒక దిండు వేశారు, బింగ్ దాని మీద మోకరిల్లి, తనే చేతిరుమాలు జారవిడిచి సైగ చేశాడు, మెరైన్లు (ఓడ మీది సైనికులు) కాల్చారు. మంత్రులు తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఆయన్ని బలిచేశారనే నేను గట్టిగా నమ్ముతాను. కోర్టుకు ఇతర శిక్ష వేసే వీలు ఇస్తూ చట్టం మార్చింది 1779లో, అంటే 22 ఏళ్లకు.

ప్రశ్న: కొరడా దెబ్బలు నిజమేనా? కెప్టెన్ ఎన్నయినా కొట్టించొచ్చా?

జవాబు: నిజమే. విచారణ లేకుండా 12 దెబ్బలకు మించకూడదని 1731 నియమాల్లోనే ఉంది, పాటించినవాళ్లు తక్కువ. ఓడలోని వాళ్లందరినీ పోగుచేసి, మనిషిని చెక్క జాలీకి కట్టేసి, ఏ నియమం తప్పాడో కెప్టెన్ చదివి వినిపించేవాడు, తర్వాత తొమ్మిది పాయల కొరడా. ఇక 1749 చట్టంలో చివరి నియమం ఒకటుంది, పైన చెప్పని నేరాలకు సముద్రపు ఆచారం ప్రకారం శిక్ష వేయొచ్చని. దేన్నయినా దాని కింద కప్పేయొచ్చు కాబట్టి నావికులు దాన్ని కెప్టెన్ దుప్పటి అనేవారు. అమెరికా 1850లో కొరడా రద్దు చేసింది. బ్రిటన్ 1871లో శాంతికాలానికి, 1879లో యుద్ధకాలానికి కూడా ఆపింది.

ప్రశ్న: నావికులు తిరగబడితే చట్టం మారిన సందర్భం ఉందా?

జవాబు: ఉంది. 1797 ఏప్రిల్‌లో స్పిట్‌హెడ్ దగ్గర బ్రిటిష్ నావికులు లంగరు ఎత్తం అన్నారు. వాళ్ల జీతం 1650ల నుంచి పెరగలేదు. తిండి సరుకు పౌను 16 ఔన్సులు కావాల్సింది 14 తూచి ఇచ్చేవారు, తేడా పర్సర్ (ఓడలో సరుకులు చూసే అధికారి) లెక్కలోకి. ఫ్రెంచి ఓడలు బయల్దేరితే వెంటనే పోరాటానికి వెళ్తామని చెప్పి మరీ ఆగారు, ఓడల్లో క్రమశిక్షణ తామే కాపాడుకున్నారు. జీతం పెరిగింది, క్షమాభిక్ష వచ్చింది. కొన్ని వారాలకు నోర్ దగ్గర లేచిన తిరుగుబాటు రాజకీయ డిమాండ్ల దాకా పోయేసరికి కథ మారింది, నాయకుడు రిచర్డ్ పార్కర్‌ని జూన్ 30న ఉరితీశారు.

మన దగ్గర 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ కేంద్రం నావికులు తిండి బాగాలేదని, అధికారుల బూతులు భరించలేమని పని మానేశారు, అది వేలమందికి పాకింది. వాళ్లకు అప్పుడు వర్తించింది 1934 నాటి చట్టం, దాని ఒళ్లంతా బ్రిటన్ 1866 చట్టమే. స్వతంత్రం వచ్చాక కూడా చాలా ఏళ్లు అదే నడిచింది, చివరికి 1957 నేవీ చట్టం వచ్చింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇంకో మాట. ఈ 1957 చట్టంలోనూ తిరుగుబాటు లాంటి కొన్ని నేరాలకు మరణశిక్ష రాసే ఉంది, కానీ కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోనిదే అమలు చేయరు. కోర్ట్ మార్షల్‌లో అయిదుగురికి తగ్గకుండా, తొమ్మిది మందికి మించకుండా అధికారులు కూర్చుంటారు. నిందితుడు లాయర్ని పెట్టుకోవచ్చు. తీర్పు మీద నేవీ అధిపతికి గానీ కేంద్రానికి గానీ అర్జీ పెట్టుకోవచ్చు. 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చింది కనుక అక్కడ అప్పీలు చేసుకోవచ్చు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లే దారి కూడా ఉంది. మీ తమ్ముడికి ఈ చివరి నాలుగు సంగతులు చెప్పండి.