రక్తదానం పెరిగినా ఎండాకాలంలో రక్తం ఎందుకు దొరకదు?

గుంటూరులో మీ పిన్నిగారి ఆపరేషన్‌కి రక్తం ఇచ్చి, బదులుగా ఇద్దరు దాతల్ని తెమ్మన్నారని రాశారు. దేశంలో రక్తదానం పెరిగితే ఈ కొరత ఏమిటని మీ ప్రశ్న.

పెరిగిన మాట నిజమే. ఒకప్పుడు డబ్బుకి రక్తం అమ్ముకునేవాళ్ల మీదే చాలాచోట్ల ఆధారపడేవారు. 1996 సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి నుంచి దాన్ని నిషేధించారు. బదులు దాతల పద్ధతీ క్రమంగా పోవాలని 2002 జాతీయ రక్త విధానం కోరింది. అది మాత్రం ఇంకా పోలేదు, బాధగానే ఉంటుంది.

చిక్కల్లా నిల్వ దగ్గరే. ఇచ్చిన బ్యాగును మిషన్‌లో తిప్పి భాగాలుగా విడదీస్తారు. ప్లాస్మాని, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, మంచులా గడ్డకట్టించి ఏడాది దాచొచ్చు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో మహా అయితే 42 రోజులు. రక్తస్రావం ఆపే కణాలైన ప్లేట్‌లెట్లకు మామూలుగా 5 రోజులే గడువు. ఫ్రిజ్‌లో కూడా పెట్టకూడదు; 22 డిగ్రీల దగ్గర, అటూ ఇటూ ఊగుతూ ఉండే పళ్లెం మీద, సంచుల్లో ఉంచుతారు. డెంగీ సీజన్‌లో అందరూ పరుగులు పెట్టేది వీటికోసమే.

మన దగ్గర కాలేజీ క్యాంపులే పెద్ద దిక్కు. ఏప్రిల్, మే వచ్చేసరికి సెలవులు, పైగా మన గుంటూరు ఎండలు. నాయకుల పుట్టినరోజున ఒకేసారి కుప్పలుగా వచ్చిన రక్తం అప్పటిదాకా ఆగదు కదా!

మగవాళ్లు 90 రోజులకి, ఆడవాళ్లు 120 రోజులకి ఒకసారి ఇవ్వొచ్చు. ఈసారి మీ వంతు మే నెలలో పెట్టుకోండి. ఏ బ్లడ్‌బ్యాంకులో ఏ గ్రూపు ఉందో ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-రక్తకోశ్‌లో చూడొచ్చు.