టెక్ సందేహాలు: తాతగారి నవలకు వికీపీడియాలో చోటుందా?

ప్రశ్న: మా తాతగారు 1970లలో రాసిన నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకమైంది. తెలుగు వికీపీడియాలో దానికి పేజీ పెట్టాను. సీరియల్ సంచికల వివరాలు, ఓ పెద్ద రచయిత ముందుమాట, ఆవిష్కరణ సభ వార్త మూలాలుగా ఇచ్చాను. అయినా ‘విషయ ప్రాముఖ్యత లేదు’ అంటూ తొలగింపు మూస (పేజీ తీసేయాలని పైన పెట్టే నోటీసు) తగిలించారు. ఎవరూ చూడని సినిమాలకు పేజీలున్నాయి, ఈ నవల ఏం పాపం చేసింది? (ఏలూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నవల ఏ పాపమూ చేయలేదండీ. మూస పెట్టినవారు దాన్ని చదివి బాగోలేదని తేల్చలేదు, బహుశా చదివి కూడా ఉండరు. వాళ్లు చూసేది ఒక్కటే: రచయితతో, ప్రచురణకర్తతో సంబంధం లేనివాళ్లు ఈ పుస్తకం గురించి కాస్త వివరంగా ఎక్కడైనా రాశారా? ఇంగ్లిష్ వికీపీడియాలో అలాంటివి కనీసం రెండు అడుగుతారు. అవి లేకపోతే పెద్ద సాహిత్య పురస్కారమో, చెప్పుకోదగ్గ సినిమాకు ఆధారం కావడమో, పాఠ్యపుస్తకంగా పెట్టడమో ఉండాలి. తెలుగు వికీలోనూ చర్చ దాదాపు ఇదే దారిలో నడుస్తుంది.

ఇప్పుడు మీ మూలాలు చూడండి. సీరియల్ సంచికలు నవల వచ్చిందనడానికి రుజువు, అంతే. ముందుమాట ఎంతటివారు రాసినా అది పుస్తకంలో భాగం. పైగా మన దగ్గర ముందుమాట అడిగి రాయించుకునేదేగా! ఆవిష్కరణ సభ వార్తలో వేదిక మీద ఎవరు కూర్చున్నారో, ఎవరికి శాలువా కప్పారో ఉంటుంది, కథ గురించి ఒక్క ముక్క ఉండదు. పాత పత్రికల్లో ‘అందిన పుస్తకాలు’ అని పేరు, వెల, ప్రతులకు అడ్రసు వేసేవారు, అదీ లెక్కలోకి రాదు. దాని పక్కనే ఎవరో అరపేజీ సమీక్ష రాసి, నాయిక పాత్ర బాగుందని, రెండో సగంలో కథ సాగదీశారని అని ఉంటే మాత్రం ఆ కాగితం మీకు బంగారం. తిట్టినా ఫర్వాలేదు.

అది గూగుల్‌లో కనబడలేదంటే లేదని కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 1970ల పత్రికలు ఉంటే స్కాన్ బొమ్మలుగా ఉంటాయి, అందులోని అక్షరాలు సెర్చ్‌కు అందవు. 2000ల తొలినాళ్ల తెలుగు వెబ్ పేజీలు చాలావరకు యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర పద్ధతిలో) కాక ఎవరి ఫాంట్‌లో వాళ్లు పెట్టినవి, అవీ అందవు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. వాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు ఎక్కించారు. కాబట్టి తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో స్పెల్లింగ్ మార్చి మార్చి కొన్నిసార్లు వెతకండి. నవల పేరుతోనే కాదు, ‘తెలుగు నవలా వికాసం’ తరహా పరిశోధన గ్రంథాల్లో తాతగారి పేరుతోనూ చూడండి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రెండు పేజీలు దొరికినా పని సగం అయినట్టే.

ఇక్కడా దొరక్కపోతే గ్రంథాలయానికి వెళ్లాల్సిందే. వేటపాలెం సారస్వత నికేతనంలో, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికల సంపుటాలున్నాయి. సమీక్ష కనబడితే ఫోన్‌తో ఫొటో తీసి, పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ నంబరు, సమీక్షకుల పేరు రాసుకోండి. మూలానికి లింకు ఉండాలన్న నియమమేమీ లేదు, అచ్చు పత్రిక వివరాలు సరిగ్గా ఇస్తే చాలు. ఈ సంగతి తెలియక ఎందరో మంచి మూలాన్ని చేతిలో పెట్టుకుని కూడా పేజీ పోగొట్టుకుంటున్నారు.

సినిమాల వాదన చర్చలో ఎత్తకండి, నిలబడదు. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒకప్పుడు పోకెమాన్ వీడియో గేముల్లోని ఒక్కో కల్పిత జీవికీ ఒక్కో పేజీ ఉండేది. దాన్ని చూపించి ప్రతివాళ్లూ ‘మరి మాదెందుకు వద్దు’ అనేవారు. చివరికి ఆ పోకెమాన్ పేజీలనే చాలావరకు జాబితాల్లో కలిపేశారు. అయితే ఈ పద్ధతి తప్పటడుగులు వేయదని నేననను. డొన్నా స్ట్రిక్‌లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త మీద ఇంగ్లిష్ వికీపీడియాకు రాసిన వ్యాసాన్ని 2018 మేలో ఆధారాలు చాలవని తిప్పి పంపారు, అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన పాత నవలలకైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాటి సమీక్షలు ఇప్పటికీ బైండు పుస్తకాల్లోనే ఉన్నాయి.

ప్రస్తుతానికి పేజీని మీ ప్రయోగశాలకు (వికీలో మీ ఖాతా కింద చిత్తుప్రతులు రాసుకునే పేజీకి) మార్చమని నిర్వాహకులను అడగండి. తొలగించాక కూడా పాఠ్యం వాళ్లకు కనబడుతుంది, మర్యాదగా అడిగితే సాధారణంగా ఇస్తారు. చర్చా పేజీలో ఆయన మీ తాతగారని ముందే చెప్పేయండి. వాళ్లే కనిపెడితే మిగతా మాటలనూ అనుమానిస్తారు. సమీక్షలు ఎంతకూ దొరక్కపోతే, తాతగారి మీద పేజీకి సరిపడా ఆధారాలుంటే నవల అందులో ఒక విభాగం అవుతుంది. కాపీరైట్ మీ కుటుంబానిదే అయితే వారసులంతా ఒప్పుకుని స్వేచ్ఛా లైసెన్సుతో (ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతితో) వికీపీడియా సోదర గ్రంథాలయమైన వికీసోర్స్‌కు ఇవ్వవచ్చు, అక్కడ నవల మొత్తం చదువుకోవచ్చు. నన్నడిగితే, చదివేవాళ్లు కావాలంటే ఇదే మేలైన దారి. కానీ ఒకసారి ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకోలేరు, ఇంట్లో అందరితో మాట్లాడాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: నా నవలను ఒక కథల యాప్‌లో లక్షమంది చదివారు. వికీ పేజీకి అది చాలదా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: చాలదు. యాప్ చూపించే అంకె, కింద కామెంట్లు, మీ ఇంటర్వ్యూ ఏవీ స్వతంత్ర సమీక్షలు కావు. ఎవరైనా పత్రికలో రాసేదాకా ఆగండి. రాశాక కూడా పేజీ మీరు కాక వేరేవాళ్లు పెడితే బాగుంటుంది.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్‌తో వ్యాసం రాయించాను. మూలాలు కూడా అదే ఇచ్చింది. పెట్టేయొచ్చా? (డాలస్ నుంచి)

జవాబు: ఆగండి. ఒక్కో మూలాన్నీ తెరిచి చూడండి. లేని పత్రికకు లేని సంచిక, దానికో పేజీ నంబరు కల్పించి ఇవ్వడం వీటికి మామూలే. తెలుగు పుస్తకాల విషయంలో మరీ ఎక్కువ. ఇంగ్లిష్ వికీపీడియాలో 2025 నుంచి, మనిషి సరిచూడకుండా ఏఐ రాసింది రాసినట్టు పెట్టిన పేజీలను వారం చర్చ కూడా లేకుండా తొలగించే వీలుంది. ఉనికిలో లేని మూలం దానికి ఒక ఆనవాలు. మీ చేతికి అందిన మూలాలతో నాలుగు వాక్యాలు సొంతంగా రాసుకోండి, మొలకగా (వికీలో చిన్న వ్యాసాన్ని ఇలా అంటారు) మొదలైనా చాలు.