‘మెదడువాపు’, ‘మెదడు పొరల వాపు’ ఒకటేనా?

సందేహం: పసిపిల్లల్లో అరుదుగా వచ్చే టి.బి. మెనింజైటిస్‌ను కొందరు ‘క్షయ మెదడువాపు’ అనీ, కొందరు ‘మెదడు పొరల క్షయ’ అనీ రాస్తున్నారు. ఏది సరి? ‘మెనింజైటిస్ సోకింది’ అనవచ్చా?

సమాధానం: రెండోదే సరి. ‘మెదడువాపు’ షష్ఠీ తత్పురుష; మెదడు యొక్క వాపు. వాచింది మెదడే అయితే, అంటే ఎన్‌సెఫలైటిస్ అయితే, ఆ మాట సరిపోతుంది. మెనింజైటిస్‌లో వాచేవి మెదడునూ వెన్నుపామునూ కప్పిన పొరలు: వరాశిక, లౌతికళ, మృద్వి. (లూత అంటే సాలెపురుగు. నడిమి పొర అల్లిక చూసి పెట్టిన చక్కని పేరు. పరీక్షలయ్యాక ఎవరికీ గుర్తుండదు.)

ఇక్కడ మాట తప్పితే జాగ్రత్తా దారి తప్పుతుంది. మెదడువాపు అనగానే మనవాళ్లకు తట్టేవి పందులూ దోమలూ. అది క్యూలెక్స్ దోమలు మోసుకొచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్. క్షయ రకానికి దోమతో పనిలేదు. ఇంట్లో ఎవరికో ఊపిరితిత్తుల క్షయ ఉంటే, దగ్గు తుంపర్లలోని క్రిమి బిడ్డ ఊపిరితిత్తుల్లో చేరి, రక్తం వెంట పొరలదాకా పోతుంది. కనుక వాకబు చేయాల్సింది వారాల తరబడి దగ్గుతున్న తాతయ్య గురించో మేనమామ గురించో. టీకాలూ వేరు. పుట్టగానే వేసే బి.సి.జి. ముఖ్యంగా కాపాడేది క్షయలోని ఇలాంటి తీవ్రరూపాల నుంచే. కొన్ని జిల్లాల్లో 9 నెలలు నిండాక, మళ్లీ 16-24 నెలల మధ్య వేసే జె.ఇ. టీకా మెదడువాపుకు.

ఇక ‘సోకడం’. క్రిమి సోకుతుంది, వాపు సోకదు. ‘క్షయ సోకి మెదడు పొరలు వాచాయి’ అనండి.

‘మెడ పట్టేసింది’ అనీ రాయకండి. తలగడ కుదరకపోయినా మెడ పట్టేస్తుంది. గడ్డం ఛాతీకి ఆననివ్వని స్థితి ‘మెడ బిగుసుకుపోవడం’. చంటిపిల్లల్లో అది కనబడకపోవచ్చు. తగ్గని జ్వరం, వాంతులు, పాలు తాగకుండా మగతగా పడి ఉండటం, మాడు ఉబ్బడం చూసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ‘ఫాంటనెల్’ అక్కర్లేదు, మాడంటే అమ్మమ్మలందరికీ తెలుసు.

ఈ జబ్బును తేల్చే పరీక్ష గురించి ‘వెన్నుపాములోంచి నీరు తీశారు’ అనడమూ తప్పే. సూది దిగేది వెన్నుపాము ముగిశాక, దిగువన నడుము పూసల మధ్య. ‘నడుము దగ్గర వెన్నునీరు తీశారు’ అంటే అర్థమూ సరిగ్గా ఉంటుంది, బిడ్డ తల్లికి సగం భయమూ తగ్గుతుంది.